ఎడం తలుపు బుడిపె

నేను ఒక వాల్యూం కంట్రోలుని. టేపు రికార్డరుకో రేడియోకో కుడికి తిప్పితే పాట పెరిగి, ఎడమకి తిప్పితే తగ్గే బుడిపె ఉంటుంది చూశారూ, అది నా టోపీ మాత్రమే. అసలు మనిషిని నేను దాని కింద ఉంటాను. రూపాయి బిళ్ళంత రేకు డబ్బీ, లోపల లాడం ఆకారంలో నల్లటి బొగ్గు పూత, దాని మీద రాసుకుంటూ తిరిగే ఇత్తడి నాలుక, బయటికి మూడు కాళ్ళు. నాలోంచి ఒక్క పాట కూడా పోలేదు. అయినా వినుకొండ చుట్టుపక్కల నాకు వచ్చినంత పేరు మా జాతిలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆ తరవాత మీ ఇష్టం.

నేను పుట్టింది పట్నంలో ఒక రేకుల షెడ్డులో. నాతోపాటు ఒకే ప్యాకెట్లో నా కవల కూడా ఉండేవాడు. చిన్న రేడియోలకి పనికొచ్చే సన్నరకం సరుకు మేము. మమ్మల్ని వినుకొండ బస్టాండు వెనక దస్తగిరి రేడియో రిపేరు కొట్టుకి పంపించారు. అక్కడ ఒక హార్లిక్సు సీసాలో మేకులతోనూ స్క్రూలతోనూ కలిసి ఏడాదిన్నర కాపురం చేశాం. దస్తగిరి మాట తక్కువ, పని ఎక్కువ మనిషి. టంకం పెట్టేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. అతని చేతిలో నా కాళ్ళకి టంకం పడితే చాలు, జన్మ ధన్యమనుకునేవాణ్ణి. మనం అనుకున్నవన్నీ జరిగితే ఇక దేవుడికి పనేముంటుంది?

ఒక సోమవారం పొద్దున గుర్నాథం వచ్చాడు. ఇతని గురించి కొంచెం చెప్పాలి. గుర్నాథం, చెంచయ్య అన్నదమ్ములు. పాత అంబాసిడర్ కారులో చీరల మూటలు వేసుకుని రోజుకొక ఊరి సంతకి పోయి అమ్ముతారు. గుర్నాథం కారు నడిపితే గతుకుల రోడ్డులో కూడా చంటిపిల్ల నిద్ర లేవదు. కానీ ఎవరైనా ఆడమనిషి చీర ధర అడిగితే తన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడిపోతాడు. చెంచయ్య సంగతి తిరగేసి చదువుకోండి. అమ్మమంటే బండరాయికి కూడా చీర చుట్టి పంపిస్తాడు, స్టీరింగు మాత్రం అతని చేతికి ఇవ్వకూడదు. ఒకసారి ఇస్తే రోడ్డు దిగి తిన్నగా పోయి ఒక కళ్ళంలో గడ్డివాములోకి దూరాడు. ఇంజను ఆపకుండానే దిగి, తిట్టడానికి వచ్చిన ఆ వాము గలావిడకి రెండు చీరలు అమ్మి వచ్చాడు. ఇద్దరూ కలిస్తేనే ఒక వ్యాపారస్థుడు. విడిపోతే ఒకడు సరుకు లేని డ్రైవరు, ఇంకొకడు బండి లేని గొంతు.

విడిపోయే రోజు దగ్గరికి వచ్చేసింది. కారణం పాట.

కారు కొన్నప్పుడు గుర్నాథం భార్య, ఆ ఇంటి పెద్దకోడలు రంగనాయకమ్మకి పుట్టింటివాళ్ళు టేపు రికార్డరూ, వెనక సీటు మీది బల్లకి రెండు స్పీకర్లూ పెట్టించి పంపారు. పుట్టింటి సొత్తు మీద అత్తింటివాళ్ళు చెయ్యి వేయకూడదు, అది ధర్మం. కాబట్టి ముందు సీట్లో చెంచయ్య మోకాలికి తగులుతూ ఉన్నా సరే, ఆ టేపుని ముట్టుకునే హక్కు అతనికి లేదు. రంగనాయకమ్మ బయలుదేరే ముందు భజన క్యాసెట్టు పెట్టించి, సౌండు చివరిదాకా తిప్పించి, వెనక కుడివైపు కూర్చునేది. తగ్గించి వింటే పుణ్యం కూడా తగ్గుద్దని ఆవిడ నమ్మకం. వెనక ఎడంవైపు చెంచయ్య భార్య, చిన్నకోడలు మస్తానమ్మ. ఆమెకి ఆ మోతకి తల పగిలిపోయేది. సంత చేరేసరికి కళ్ళు ఎర్రబడి, దిగగానే చక్రం పక్కన కూర్చుని వాంతి చేసుకునేది.

"టేపు ఆమెదైతే కావచ్చు, చెవులు నాయి గదా," అని మస్తానమ్మ మొగుడితో అంది. ఆ మాట మోసుకుపోవడానికి ఇంట్లో వేరే మనిషి అక్కరలేదు, గోడలు చాలు. రంగనాయకమ్మ ఆ రోజు నుంచి మాట్లాడడం మానేసింది. మానేసి, సౌండు పెంచింది. చివరికి బేస్తవారం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వేరు పడదామనే దాకా వచ్చింది.

గుర్నాథం మా సీసా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఇదంతా చెప్పాడు. "ఎనకమాల ఎవురికి వాళ్ళు పెంచుకునేట్టు, తగ్గించుకునేట్టు చెరొక బుడిపె పెట్టు దస్తగిరీ. నువ్వు పెడితేనే మా ఇల్లు నిలబడేది."

"స్పీకరుకి పోయే లైన్లో పెట్టాలంటే లావు తీగ చుట్టిన పెద్ద కంట్రోళ్ళు కావాలన్నా," అన్నాడు దస్తగిరి. "గుంటూరు నించి తెప్పియ్యాల. నా కాడుండేవి రేడియోవి, బక్కయ్యి. ఆ లైన్లో ఇరికిస్తే ఒక్క పాటకే కాలి కంపు కొడతయ్యి."

"ఎన్నాళ్ళు పట్టుద్ది?"

"పదైదు రోజులు."

"పదైదు రోజులకి మా ఇంట్లో రెండు పొయ్యిలు లేస్తయ్యి," అన్నాడు గుర్నాథం, ఆడవాళ్ళ ముందు చూసినట్టే తన కాళ్ళ వంక చూసుకుంటూ. అతని కంట్లోంచి నీళ్ళు చెప్పుల మీద పడ్డాయి.

దస్తగిరి హార్లిక్సు సీసా మూత తీశాడు. "వైర్లు తగిలించకుండా ఊరికే బిగిస్తానన్నా. గుంటూరు సరుకు వచ్చిందాకా కళ్ళకి కనపడతా ఉంటయ్యి. ఇది పనితనం కాదు, పాపం. ఆ పాపం నా మీద ఏసుకుంటా."

అలా నా కవలకి కుడి తలుపు, నాకు ఎడం తలుపు దక్కాయి. తలుపు అట్టకి బెజ్జం వేసి, నన్ను దూర్చి, నట్టు బిగించి, పైన దంతం రంగు బుడిపె తొడిగాడు. లోపల తలుపు గుల్లలో నా మూడు కాళ్ళూ గాలికి వేలాడుతున్నాయి. మధ్యకాలికి స్పీకరు వైరు, ఒక పక్కకాలికి టేపు వైరు, రెండో పక్కకాలికి ఎర్తు వైరు రావాలి. ఏదీ రాలేదు. పీటల మీద కూర్చోబెట్టి, బాజాలు వాయించి, తాళి కట్టడం మరిచిపోయినట్టయింది నా పని. నాకు దస్తగిరి మీద కోపం వచ్చింది. కాలిపోకుండా కాపాడాడన్న ఇంగితం అప్పట్లో లేదు.

మర్నాడు రంగనాయకమ్మ మా ఇద్దరికీ పసుపు పూసి కుంకుమ పెట్టింది. కొత్తగా ఏది వచ్చినా పెట్టాలి కదా. కారు బయలుదేరింది, భజన మొదలైంది. గుర్నాథం అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు.

రంగనాయకమ్మ నా కవలని చివరిదాకా కుడికి తిప్పింది. చెవి రిక్కించింది. "ఆఁ, ఇప్పుడు బాగా పెరిగింది," అంది.

మస్తానమ్మ నన్ను ఎడమకి తిప్పింది. కళ్ళు మూసుకుంది. "అమ్మయ్య," అంది.

సౌండు నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. గుర్నాథం కారు రోడ్డు పక్కన ఆపి, దిగి, ఎవరికీ కనపడకుండా వెళ్ళి, వినుకొండ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి వచ్చాడు. ఆ రోజు మస్తానమ్మకి వాంతి కాలేదు. నాకు మనుషుల మీద మొదటిసారి అనుమానం వచ్చింది.

పదిహేను రోజులని చెప్పిన గుంటూరు సరుకు నాలుగు నెలలు రాలేదు. ఆ నాలుగు నెలల్లో తోటికోడళ్ళిద్దరూ మా విద్యలో పండిపోయారు. మస్తానమ్మకి తారు రోడ్డుకి ఒక కొలత, మట్టి రోడ్డుకి ఒక కొలత. నన్ను జొన్నగింజంత అటు జరిపి, కాదని సగం గింజంత వెనక్కి తెచ్చి, "ఇప్పుడు సరిపోయింది," అనేది. రంగనాయకమ్మ ఏకాదశినాడు నా కవలని ఇంకా బలంగా తిప్పేది. అక్కాచెల్లెళ్ళలా పెసరట్లు పంచుకుని తినేవాళ్ళు, సంతలో ఒకే గొడుగు కింద కూర్చునేవాళ్ళు.

ఒకరోజు బస్సు తప్పిపోయిన సైన్సు మాస్టారొకాయన మధ్యలో ఎక్కి, వాళ్ళిద్దరి నడుమ మూటల మీద కూర్చున్నాడు. మా ఇద్దరినీ చెరోవైపు తిప్పి చూశాడు. తేడా ఏమీ తెలియలేదు. తెలియలేదని చెబితే చదువుకి తలవంపులు. అందుకని శబ్దతరంగాలు రెండు దారుల్లో వస్తాయనీ, మధ్యలో కూర్చున్నవాడికి రెండూ కొట్టుకుపోయి సమానంగా వినపడతాయనీ ఊరొచ్చేదాకా వివరించాడు. చెంచయ్య ఆ వివరణని సంతలో చీరలతోపాటు నలుగురికీ పంచాడు.

అంతే, దస్తగిరి కొట్టు ముందు కార్లు బారులు తీరాయి. తోడల్లుళ్ళిద్దరు కలిసి కొన్న జీపుకి చెరొకటి. డాక్టరుగారి కారుకి ఆయనకొకటి, వాళ్ళావిడకి రెండు. "మాకు లావు తీగయ్యి వద్దు, గుర్నాథం కారుకి పెట్టినయ్యే పెట్టు," అని ఒకటే పట్టు. దస్తగిరి వైర్లు తగిలించకుండా పదకొండు కార్లకి పెట్టాడు. వాళ్ళందరూ వచ్చి చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటుంటే అతను తల వంచుకునేవాడు. ముప్పై ఏళ్ళు వైర్లతో చేసిన పనికి రాని పేరు, వైర్లు లేని పనికి వచ్చింది. అన్నం సహించక సగానికి సగం చిక్కిపోయాడు.

అందుకే గుంటూరు సరుకు వచ్చిందని తెలిసిన రోజున పండగొచ్చినంత సంబరపడ్డాడు. ఎవరూ అడగకుండానే గుర్నాథం ఇంటికి పోయి, మమ్మల్నిద్దరినీ ఊడదీసి జేబులో వేసుకుని, ఆ లావుపాటి అసలు కంట్రోళ్ళని పెట్టాడు. ఒక్కొక్క కాలికీ వైరు చుట్టి, టంకం పెట్టి, ఊది, లాగి చూసుకున్నాడు. జేబులోంచి ఆ వాసన పీలుస్తూ నేను ఈర్ష్యతో కుళ్ళిపోయాను. నిజం దాచడమెందుకు.

మర్నాటి సంగతి తరవాత గుర్నాథం దస్తగిరికి చెబుతుంటే జేబులోంచి విన్నాను. మస్తానమ్మ అలవాటుగా ఎడమకి తిప్పింది. ఎడంవైపు స్పీకరు నిజంగానే మూగబోయింది. అయితే ఆ క్యాసెట్టులో పాడే గొంతు కుడి స్పీకరులోంచీ, మద్దెలా తాళాలూ ఎడమ స్పీకరులోంచీ వచ్చేట్టు రికార్డు చేశారు. రంగనాయకమ్మకి మద్దెల పోయింది.

"నా మద్దెల ఏమైందే?" అంది.

"నీ మద్దెల నాకెందుకక్కా? నీ వైపు నించి ఆ గొంతొక్కటే వచ్చి చెవిలో మేకు దిగ్గొట్టినట్టుంటే, నువ్వే పెంచావనుకున్నా."

"నేను ఎప్పుడూ తిప్పినంతే తిప్పా. నువ్వే కావాలని భజన సగం మింగావు."

ఒకరు తగ్గించింది ఇంకొకరికి నిజంగా తగ్గింది. ఒకరు పెంచింది ఇంకొకరికి నిజంగా వినబడింది. సంత చేరకముందే నాలుగు నెలల స్నేహం కాస్తా తెగిపోయింది. మస్తానమ్మ మళ్ళీ చక్రం పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. ఇంటికి రాగానే పెట్టె సర్దుకుని వసారాలో పెట్టుకుంది. ఆ మర్నాడే బేస్తవారం. ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు, దస్తగిరినీ పిలిపించారు, అతని జేబులో మేమూ ఉన్నాం.

ముగ్గురిలో పెద్ద కాశయ్య. చుట్టుపక్కల పొలం గట్ల తగాదాలు ఆయనే తీరుస్తాడు. ముందు నేరం చేసినదాన్ని చూపించమన్నాడు. ముగ్గురూ వరసగా కారు వెనక సీట్లో కూర్చుని, టేపు పెట్టించుకుని విచారణ చేశారు. కాశయ్య కొత్త కంట్రోలుని ఎడమకి తిప్పాడు. పక్క స్పీకరు ఆగిపోయేసరికి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేందయ్యా, తిప్పితే పాటే పోయింది," అన్నాడు. "చెడిపోయిన సరుకు అంటగట్టావా దస్తగిరీ?"

"తగ్గడానికే గదయ్యా పెట్టింది," అన్నాడు దస్తగిరి.

"తగ్గడం ఏరు, పోవడం ఏరు. పాతవాటితో నాలుగు నెలలు తగ్గించుకున్నారు, ఒక్కనాడన్నా పాట పోయిందా? ఇది డూప్లికేటు."

మిగతా ఇద్దరూ ఔనన్నారు. చూడవచ్చిన జనం కూడా ఔనన్నారు. దస్తగిరి నోరు తెరిచి, గుర్నాథం మొహం చూసి మళ్ళీ మూసుకున్నాడు. తీర్పు ఏమిటంటే, పాత బుడిపెలు మళ్ళీ పెట్టాలి, రేపు ఒక్కరోజు సంతకి పోయి చూడాలి. రేపు కూడా తగువైతే ఎల్లుండి పొద్దున కారుకి కొనేవాణ్ణి పిలిచి, సరుకు రెండు భాగాలు చెయ్యాలి. ఆ మాటకి గుర్నాథం వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. అప్పుడే ఎవరో లాక్కుపోతున్నారన్నట్టు వదల్లేదు. చెంచయ్య వచ్చి ఏమన్నా తింటావా అన్నా అని అడిగితే పట్టు ఇంకా బిగించాడు.

పెద్దమనుషులు వసారాలో మజ్జిగ తాగుతున్నారు. మస్తానమ్మ లోపల పడుకుని ఉంది. దస్తగిరి ఎడం తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, నన్ను జేబులోంచి తీసి పక్కన గుడ్డ మీద పెట్టాడు. ఈసారి మోసం జరక్కుండా దగ్గరుండి చూసుకుందామని రంగనాయకమ్మ వచ్చి నిలబడింది. వంగి నన్ను చేతిలోకి తీసుకుంది. తిరగేసి చూసింది. నా మూడు కాళ్ళూ పుట్టినప్పుడెట్లా ఉన్నాయో అట్లాగే మెరుస్తున్నాయి. టంకం మరక ఒక్కటి కూడా లేదు.

"దీని వైర్లేయి?" అంది.

దస్తగిరికి అబద్ధం చేతకాదు. "లేవమ్మా. అప్పుడూ లేవు."

"నా వైపు దానికి?"

"దానికీ లేవు."

ఆవిడ నన్ను గుప్పిట్లో బిగించింది. నేల మీదికి విసిరికొడుతుందనీ, పెద్దమనుషుల్ని పిలుస్తుందనీ, ఇక అంతా అయిపోయిందనీ అనుకున్నాను.

"అంటే ఈ నాలుగు నెలలూ మస్తానమ్మ ఎంత సౌండు విన్నది?"

"నువ్వు విన్నంత విన్నదమ్మా. ఇసుమంత కూడా తగ్గలా."

రంగనాయకమ్మ కారు అంచు మీద కూర్చుంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని అమ్మయ్య అనడం, పెసరట్టులో తన వాటా తుంచి పెట్టడం, అంత మోతలో కూడా అక్కా అని నవ్వుతూ పిలవడం ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. మస్తానమ్మకి కావలసింది సౌండు తగ్గడం కాదు, తన మాట ఒకరు విన్నారన్న తృప్తి అని ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఆ కాస్త కూడా తను ఇవ్వలేదనీ, ఒక రేకు డబ్బీ ఇచ్చిందనీ సిగ్గుపడింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిగించు నాయనా," అంది చివరికి. "అది లేచి వచ్చేలోపలే బిగించు. గట్టిగా బిగించు."

మర్నాడు కారు బయలుదేరింది. భజన ఎప్పటిలాగే చివరిదాకా పెట్టారు. వెనక ఎవరూ మాట్లాడలేదు. గుర్నాథం అద్దంలోకి చూడడానికి కూడా భయపడి రోడ్డు వంకే చూస్తున్నాడు. ఊరు దాటాక మస్తానమ్మ, ఇక దీనివల్ల కూడా ఏమీ కాదులే అన్నట్టు, నా మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని ఎడమకి తిప్పింది.

అదే సమయానికి రంగనాయకమ్మ ముందుకి వంగి చెంచయ్య భుజం తట్టింది. టేపు వైపు చూపించి రెండు వేళ్ళు తిప్పి సైగ చేసింది. చెంచయ్యకి అర్థం కాలేదు. పుట్టింటి సొత్తు, దాన్ని ముట్టుకోవడమేమిటి? ఆవిడ మళ్ళీ సైగ చేసి తల ఊపింది. అతను బెదురుతూ చెయ్యి చాపి తగ్గించాడు.

పాట తగ్గింది. మస్తానమ్మ వేళ్ళు ఇంకా నా మీదే ఉన్నాయి. నన్ను తిప్పితే పాట తగ్గడం నేను పుట్టాక అదే మొదటిసారి. ఏ వైరూ లేకుండా నాకు వైరు తగిలినట్టయింది. సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడవడానికి నాకు కళ్ళు లేవు గనక ఊరుకున్నాను.

"చూశావా అక్కా," అంది మస్తానమ్మ. "పాతదాని పనితనం ఆ కొత్తదానికి ఎక్కడొస్తది?"

"అవునే తల్లీ. ఇంకొంచెం తగ్గించుకో, తగ్గుద్దేమో చూడు."

మస్తానమ్మ నన్ను ఇంకో గింజంత తిప్పింది. రంగనాయకమ్మ మరిది భుజం మీద ఇంకొక్కసారి నొక్కింది. తరవాత వెనక్కి వాలి, తన వైపున్న నా కవలని చివరిదాకా కుడికి తిప్పుకుని, ఆ సన్నటి భజనకి చెవి రిక్కించి, "నాకు బాగానే వినపడతంది," అంది. అద్దంలోకి గుర్నాథం అప్పుడు చూశాడు. సంత వచ్చేదాకా చెంచయ్య చెయ్యి టేపు మీదే ఉంది, వదిన చెయ్యి అతని భుజం మీదే ఉంది.